పులియుట ముగిసినదా?

మన ఇండ్లలో పులియుట యన్న మాటకు అర్థము చెప్పనక్కరలేదు. రాత్రి రుబ్బి యుంచిన ఇడ్లీపిండి తెల్లవారుసరికి గిన్నె అంచునకు వచ్చినదో లేదో మూత తీసి చూడని గృహిణి యుండదు. చలికాలమున పిండి పొంగకున్న మరికొంతసేపు పొయ్యిగట్టున నుంచుదురు. వేసవిలో హద్దు మీరి పులిసినచో ఆ పూటకు అట్లు పోసికొందురు. అక్కడ పొరపాటు పడినను నష్టము స్వల్పము. కాని అదే ప్రశ్నను, అనగా లోపల జరుగుచున్న పని ముగిసినదా, ఇంకను మిగిలి యున్నదా యను ప్రశ్నను, బిరడా బిగించిన గాజుసీసాల వరుస ముందు నిలిచి వేసికొనవలసినవారు కొందరు కలరు. వారు ఇంగ్లండు మొదలైన దేశములలో ఇంటియందే బీరు కాచుకొనువారు. వారి పొరపాటునకు శిక్ష అర్ధరాత్రివేళ తుపాకి ప్రేలినట్లు వినబడును.

పానమును మెచ్చుకొనుట మా ఉద్దేశము కాదు. అనుమతి లేనిదే ఇంట మద్యము చేయుట మన రాష్ట్రములలో నేరమను సంగతి శ్రోతలెరిగినదే. మమ్ము ఆకర్షించినది ఆ చిన్న ప్రశ్నకు గల పెద్ద చరిత్ర. కంటికి కనబడని పని యొకటి ముగిసినదని మనుష్యుడు ఎట్లు తెలిసికొనగలిగెను?

ముందుగా ఆ పని యేమో రెండు మాటలలో చెప్పుకొందము. బార్లీగింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టినచో అది మాల్టు. మాల్టును నలుగగొట్టి వేడినీటిలో నాననిచ్చినచో గింజలోని పిండిపదార్థము చక్కెరగా మారి తీయని కషాయము దిగును. దానిని హాప్సు అను చేదుపూలతో కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. తొట్టిలో నున్నంతకాలము వాయువు తన దారిని తాను పోవును. పులియుట ముగిసిన పిమ్మట సీసాలలో పోయుచు, కొలిచిన చక్కెర కొంచెము వేసి బిరడా బిగింతురు. అది లోపల మరల పులిసి, గిన్నెలో పోసినప్పుడు నురుగు నిచ్చును. తొట్టిలో చక్కెర మిగిలి యుండగనే తొందరపడి సీసాల కెత్తినచో, కొలిచి వేసిన చక్కెరకు కొలవని చక్కెర తోడగును. గాజు ఎంతయని ఓర్చును?

దీనినిగూర్చి ఇంగ్లండులో ఒక పాత కథ యున్నది. 16వ శతాబ్దమున లండను సెయింటు పాల్సు దేవాలయమునకు డీను పదవి నలంకరించిన అలెగ్జాండరు నోవెల్ అను పండితునకు చేపలు పట్టుటయందు మక్కువ మెండు. ఒకనాడాయన గాలము తీసికొని ఏటియొడ్డునకు పోయి, వెంట తెచ్చుకొన్న ఆలు సీసాను గడ్డిలో మరచి వచ్చెను. కొన్ని దినములకు అది కనబడగా బిరడా తీసెను. తుపాకి పేలిన చప్పుడైనది. ఈ ముచ్చటను టామసు ఫుల్లరు 1662లో అచ్చయిన తన గ్రంథమున వ్రాయుచు, సీసాలలో ఆలు నింపు వాడుకకు ఇదియే మూలమని చెప్పెను. అంత నమ్మనక్కరలేదు గాని, సీసాలో పులియుట సాగునని నాటివారికి చక్కగా తెలియునని దీనివలన తేలుచున్నది. అంతకు ముందే, 1615లో, గృహిణులకై పుస్తకము వ్రాసిన జెర్వేసు మార్కమ్ ఆలు సీసాలను చల్లని నేలమాళిగలో నడుమువరకు ఇసుకలో పాతిపెట్టి, బిరడాలను గట్టి పురికొసతో కట్టవలెనని హెచ్చరించెను. చలువ, ఇసుక, పురికొస: అన్నియు లోపలి ఒత్తిడిని కాచుకొను ఉపాయములే. పులియుట ముగిసినదా యని తెలిసికొను ఉపాయము వానిలో లేదు.

పీపాల కాలమున ఈ చిక్కు ఇంత తీవ్రముగా లేకుండెను. కొయ్యపీపా కొంత ఊపిరి విడుచును. మధ్యయుగపు ఇంగ్లండులో ఆలు చాలవరకు స్త్రీలు కాచి అమ్మినది; హాప్సు లేని ఆ పానీయము నిలువ యుండదు గనుక కొద్దిదినములలోనే త్రాగివేయుచుండిరి. పూర్తిగా పులిసినదా యని వేచిచూచు తీరిక ఎవరికి? హాప్సు కలిసిన బీరు వచ్చి, నిలువయుండు సరకై, పెద్ద తొట్లు, పెద్ద పెట్టుబడి అవసరమైనకొలది ఆ వృత్తి స్త్రీల చేతినుండి జారిపోయెను. వారి గుర్తులు మాత్రము మిగిలినవి.

ఆ గుర్తు లేవనగా, మొదట నురుగు. ఈస్టు వేసిన కొన్ని గంటలకు తొట్టి అంచుచుట్టును తెల్లని వలయ మేర్పడును. తరువాత నురుగు ముద్దలు ముద్దలుగా లేచును. ఆంగ్లేయ బీరుతయారీదారులు దీనికి కాలీఫ్లవరు తల యని పేరు పెట్టినారు. పిమ్మట అది కొండరాళ్ళవలె గరుకై, గోధుమరంగు తిరిగి, తుదకు క్రుంగిపోవును. రెండవది చెవి. పీపా మూతిబెజ్జమునకు చెవి యానించినచో సన్నని బుసబుస వినబడును. అది తగ్గుచు తగ్గుచు ఆగిపోవును. మూడవది నాలుక. తీపి సన్నగిల్లి హాప్సు చేదు పైకి తేలును. నాలుగవది కన్ను. కలక దిగి పానీయము తేటపడును.

మన వైద్యులకును ఈ గుర్తులు క్రొత్తవి కావు. ద్రాక్షాసవము, దశమూలారిష్టము ఎరుగని ఇల్లు తెలుగుదేశమున అరుదు. వానిని సిద్ధపరచు పద్ధతికి ఆయుర్వేదమున సంధానమని పేరు. కషాయమును బెల్లముతోను, ధాతకీపుష్పములతోను కలిపి, జాడీకి మూత పెట్టి, సందులు మెత్తి, ధాన్యపురాశిలో నిలువ నుంచుదురు. మూత విప్పువేళ చప్పుడు వినబడుచున్నదా యని చెవి యొగ్గుదురు. వెలుగుచున్న వత్తిని జాడీమూతిలోనికి దింపుదురు. దీపము ఆరినచో లోపల బొగ్గుపులుసు వాయువు ఇంకను పుట్టుచున్నదని, నిలిచి వెలిగినచో సంధానము ముగిసినదని గ్రహింతురు. ఇంత సొగసైన పరీక్ష ఆంగ్లేయ పీపాలకు లేదని చెప్పినచో స్వదేశాభిమానమను నింద మాకు రావచ్చును గాని, చూచుటకు మాత్రము అది ముచ్చటైనదే.

అయినను ఈ గుర్తులన్నిటియందును ఒకే లోపమున్నది. అవి పని ఆగినదని చెప్పును, ముగిసినదని చెప్పలేవు. ఆగుట వేరు, ముగియుట వేరు. ఒక చలిరాత్రి తొట్టి చల్లబడినచో ఈస్టు నిద్రపోవును. నురుగు క్రుంగును, చప్పుడు అణగును, కలక దిగును. దీపము సైతము వెలుగవచ్చును. చక్కెర మాత్రము లోపల అట్లే యుండును. వెచ్చని దినములు రాగానే ఈస్టు మేల్కొనును. అప్పటికి బీరు సీసాలలో నున్నచో జరుగునది చెప్పనేల?

కావున కావలసినది చప్పుడును వినునది కాదు, చక్కెరను తూచునది. ఆ పరికరము ప్రపంచమునకు క్రొత్తది కాదు. 5వ శతాబ్దపు తొలియేండ్లలో సినీసియసు అను పండితుడు అలెగ్జాండ్రియానగర విదుషీమణి హైపేషియాకు లేఖ వ్రాయుచు, ద్రవముల బరువును తేలియాడి చూపు గొట్టము నొకదానిని తనకు చేయించి పంపుమని కోరెను. 1675లో రాబర్టు బాయిల్ ఇట్టి తేలుడుబుడ్డితో దొంగనాణెములను పట్టుకొను విధము ప్రకటించెను. ఇండ్లలో గాజుబుడ్డికి బదులు కోడిగ్రుడ్డు. 1669లో అచ్చయిన కెనెల్ము డిగ్బీ వంటపుస్తకమున తేనెపానీయమునకు కషాయము తగినంత చిక్కనైనదా యని చూచుటకు గ్రుడ్డును తేలవేయుమని యున్నది. విత్తనపువడ్లను ఏరుటకు ఉప్పునీటిలో గ్రుడ్డు తేలించి చూచు మన రైతునకు ఇది వింతకాదు. పాలలో నీరెంతయని లాక్టోమీటరు వేసి చూచు పట్టణగృహిణికి అసలే వింతకాదు. హైడ్రోమీటరు దానికి తోబుట్టువు. నీటిలో 1.000 వద్ద మునుగు గాజుగొట్టము, చక్కెరకలిసిన చిక్కని కషాయమున అంతగా మునుగక 1.050 వద్ద తేలును. చక్కెర కరగి ఆల్కహాలైనకొలది అది దిగుచు 1.010, 1.012 ప్రాంతమునకు వచ్చును. చక్కెర యెంత పోయినదో మెడమీది గీతలు చెప్పును.

ఇంత సులువైన పనిముట్టు బీరుతయారీలో కాలుపెట్టుట మాత్రము సులువు కాలేదు. హాంప్‌షైరులోని ఆల్టను పట్టణమున జేమ్సు బావర్‌స్టాకు అను యువకుడు తండ్రి బీరుకర్మాగారమున పనిచేయుచుండెను. 1768 ప్రాంతమున అతడు లండనులో తయారైన హైడ్రోమీటరు నొకదానిని సంపాదించెను. తండ్రికి క్రొత్త ప్రయోగములు గిట్టవు. అందుచేత కొడుకు ఆ గాజుగొట్టమును దాచిపెట్టుకొని, తండ్రి చూడనివేళ తన తొట్లలోనే దొంగవలె ముంచి చూడవలసి వచ్చెను. కొంత అనుభవము గడించి 1770లో లండను పోయి, ఆ నగరపు బీరుతయారీదారులలో అగ్రగణ్యుడైన సామ్యూల్ విట్‌బ్రెడ్‌కు దాని ఉపయోగము వివరించెను. ఆ పెద్దమనిషి, ఇట్టి ఊహాగానములు మాని ఇంటికిపోయి నీ పని చూచుకొమ్మని పంపివేసెను. డాక్టరు జాన్సనునకు మిత్రుడైన హెన్రీ థ్రేలు మాత్రము సౌత్‌వర్కులోని తన కర్మాగారమున ఆదరించెను. 1785లో బావర్‌స్టాకు తన పరిశీలనలను పుస్తకముగా వెలువరించెను.

ఆ తండ్రిని మూఢుడని తీసివేయుటకు మాకు మనసొప్పదు. ముప్పది నలుబది యేండ్లు నాలుకను, చెవిని సానబట్టి సంపాదించిన విద్య ఆయనది. దానిని నిన్నటి కుర్రవాడు గాజుగొట్టము చూచి అంకెగా చదివివేయుట యేమి? అంకెను ఎవడైనను చదువవచ్చును. నాలుకను అప్పుచ్చుకొనుటకు వీలులేదు. విట్‌బ్రెడ్ కసురుకొన్నదియు ఇందువలననే కావచ్చును. అతని బీరు అప్పటికే లండనెల్ల త్రాగుచుండెను గదా!

కాని లెక్క నిలువదు. 1784లో హల్ నగరపు బీరుతయారీదారు జాన్ రిచర్డ్‌సను శాకరోమీటరు, అనగా చక్కెరమాపకము, పేర ఈ పరికరమునకు పద్ధతి యేర్పరచి గ్రంథము ప్రకటించెను. పీపాడు కషాయము పీపాడు నీటికంటె ఎన్ని పౌనులు బరువో చెప్పు కొలత అతనిది. దానితో ఒక గుట్టు బయటపడెను. నల్లని పోర్టరు బీరునకు తరతరములుగా వాడుచున్న చవుక గోధుమరంగు మాల్టు, ఖరీదైన లేతరంగు మాల్టుకంటె చాల తక్కువ చక్కెర నిచ్చుచున్నది! చవుక యనుకొన్నది నిజమునకు ప్రియమని తేలగా లండను పోర్టరు కాచువారు లేతమాల్టువైపు మొగ్గిరి. నాలుక చెప్పలేని మాట అంకె చెప్పెను.

అంకెకును తన మాయ కలదు. ఆల్కహాలు నీటికంటె తేలిక. చక్కెర పోవుటచేత ఒకప్రక్క ద్రవము తేలికపడుచుండ, ఆల్కహాలు చేరుటచేత రెండవప్రక్కనుండి మరింత తేలికపడును. కనుక హైడ్రోమీటరు చూపు తరుగుదల అసలు తరుగుదలకంటె ఎక్కువ. ప్రాగునగరమున రసాయనశాస్త్రాచార్యుడైన కార్ల్ బాలింగ్ 1843 ప్రాంతమున ఈ రెంటిని విడదీసి, అసలు తరుగుదల కనబడు తరుగుదలలో ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్ళని లెక్కలు కట్టెను. మరియొక సంగతి. ఈస్టు తినలేని డెక్స్‌ట్రిను అను పదార్థము బీరులో మిగులును. అందుచేత ఏ బీరు ఎచ్చట ఆగవలెనో ముందుగా ఒకే అంకె నిర్ణయించుటకు వీలులేదు. ఒకటి 1.008 వద్ద ముగియును, మరియొకటి 1.018 వద్దనే ముగియును.

ఈలోగా పని చేయుచున్న దెవరు అను ప్రశ్న మిగిలియే యున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమున పులియబెట్టు ముద్దకు కిణ్వమని పేరు. మేదకమను బియ్యపు మద్యమునకు ద్రోణము నీరు, అరఆఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వమని కొలతలతోకూడ యున్నది. 15వ శతాబ్దమున ఇంగ్లండులోని నార్విచి పట్టణమువారు ఈస్టును దేవుని మేలు అని పిలిచిరి. 1516 నాటి ప్రసిద్ధమైన బవేరియా శాసనము బీరునకు బార్లీ, హాప్సు, నీరు తప్ప వేరేమియు కూడదని శాసించుచు ఈస్టు ఊసే యెత్తలేదు. 1837 ప్రాంతమున కాన్యార్ లాటూర్, ష్వాన్, క్యూట్జింగ్ అను ముగ్గురు వేరువేరుగా, ఈస్టు బ్రతికియున్న జీవియని సూక్ష్మదర్శినిలో చూచి చెప్పిరి. రసాయనశాస్త్రమున దిగ్గజములైన లీబిగ్, వోలర్ 1839లో పేరు లేకుండ ఒక హాస్యవ్యాసము వెలువరించి, ఈస్టు చిన్నచిన్న జంతువులై చక్కెర మ్రింగి ఒకవైపున సారాయిని, మరియొకవైపున వాయువును విసర్జించుచున్నవని ఎగతాళి చేసిరి. వినుటకు మోటుగా నున్నను, సత్యమునకు ఆ ఎగతాళియే చాల దగ్గర.

తుది తీర్పు పాశ్చరుది. 1871లో ఆయన లండనునందలి ఒక గొప్ప బీరుకర్మాగారమునకు పోయి, వారి ఈస్టును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందు చేరియున్న చెడుజీవులను చూపెను. వారము దినములకు మరల పోవునప్పటికి వారు సూక్ష్మదర్శినిని కొనియుండిరి. ఆ కర్మాగారము మరెవ్వరిదో కాదు, విట్‌బ్రెడ్‌దే. నూరేండ్ల క్రిందట గాజుగొట్టమును చూపిన కుర్రవానిని ఇంటికి పంపిన గడపయే అది. 1883లో కోపెన్‌హేగను కార్ల్స్‌బెర్గు ప్రయోగశాలయందు హాన్సెన్ ఒకే కణమునుండి శుద్ధమైన ఈస్టును పెంచి వాడుకలో పెట్టెను.

హైడ్రోమీటరును చివరకు అందరికంటె గట్టిగా పట్టుకొన్నది ప్రభుత్వము. 1880లో గ్లాడ్‌స్టను మాల్టుపన్ను తీసివేసి, పులియుటకు ముందు కషాయమునకు గల గురుత్వమునుబట్టి బీరుపై పన్ను విధించెను. ఈ పద్ధతి 1993వరకు సాగెను. పన్ను అధికారికి కావలసినది మొదటి అంకె. బీరు కాచువానికి కావలసినది కడపటి అంకె. ఇంట కాచుకొనువారును లైసెన్సు పొందవలసి యుండెను. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డు మాడ్‌లింగ్ ఆ లైసెన్సు తొలగించెను. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకము చేయగా మరుసటి యేట ఇంటిబీరు చట్టసమ్మతమయ్యెను. దానితో కర్మాగారపు హైడ్రోమీటరు మరల వంటయింటికి, మెట్లక్రింది అలమరకు చేరెను.

మా మిత్రులొకరు డెబ్బదులలో ఇంగ్లండున చదువుకొనుచు, ఒక వృద్ధదంపతుల యింట అద్దెకుండిరి. ఇంటిపెద్ద బీరు కాచెడివాడు. అతని తొట్టిమూతకు నీటితో నిండిన చిన్న వంపుగొట్టము. వాయువు దానిగుండ బుడగలై పోవును. ఒకసారి నవంబరులో బుడగలు ఆగి అయిదు దినములైనదని అతడు సంతోషించి, హైడ్రోమీటరు ముంచి చూడకయే సీసాలు నింపెను. చలికి ఈస్టు ముడుచుకొన్నదని గాని, మూత సందునుండి వాయువు దొంగదారిని పోవుచున్నదని గాని తోచలేదు. క్రిస్మసునకు ఇల్లు వెచ్చబెట్టిరి. ఒకరాత్రి మెట్లక్రింద మూడు సీసాలు వరుసగా పగిలెను. గాజుపెంకులు తలుపుచెక్కలో దిగబడినవి. ఆ తలుపు ప్రక్కనే మరునాటి ఉదయము మనుమరాలు ఆడుకొనవలసినది. ఈ మాట చెప్పునప్పుడు మిత్రుల గొంతు ఇప్పటికిని మారును.

లెక్క చూడుడు. బీరు 1.016 వద్ద ముగిసినదని భ్రమించి సీసాల కెత్తగా, అది లోపల 1.010వరకు దిగినదనుకొందము. ఆ ఆరు గీతల తరుగుదలవలన బీరు పరిమాణమునకు ఇంచుమించు మూడింతల వాయువు పుట్టును. నురుగుకై వేసిన చక్కెర మరికొంత పుట్టించును. మామూలు సీసా మోయదగినది ఈ రెండవ భాగమును మాత్రమే.

అందుచేతనే నేటి ఇంటితయారీదారుల నియమము ఒకే యంకెను నమ్మవద్దని. బుడగలు చూచి మోసపోరాదు. వాతావరణము వేడెక్కినను బుడగలు వచ్చును. నమూనాను చిన్న గొట్టములో పోసి, హైడ్రోమీటరును గిరగిర త్రిప్పవలెను. లేనిచో బుడగలు దానికి అంటుకొని పైకెత్తును. ద్రవము వెచ్చగా నున్నచో అంకె తక్కువ చూపును గనుక దానిని సవరించుకొనవలెను. ఇట్లు దినము విడిచి దినమో, వరుసగా మూడు దినములో చూడగా అంకె కదలనిచో అప్పుడు ముగిసినదని యెంచవలెను. అప్పటికిని వెన్నవాసన యున్నచో మరి రెండు దినములు వెచ్చగా నుంచినచో ఈస్టు ఆ వాసనను తానే తీసికొనును. తొందరపడువారికి మరియొక ఉపాయము కలదు. గ్లాసెడు కషాయమును వేరుగా తీసి, ఈస్టు దండిగా వేసి, వెచ్చనిచోట నుంచినచో అది తొట్టికంటె ముందే ముగిసి, తొట్టి ఏ యంకెవద్ద ఆగునో చెప్పివేయును.

ఇంతచేసినను ఒక సందేహము మిగిలెను. 1952లో ఆండ్రూసు, గిల్లిలాండు అను శాస్త్రజ్ఞులు మామూలు ఈస్టు ముట్టని డెక్స్‌ట్రినునుసైతము విరిచి తినగల ఈస్టుజాతి నొకదానిని వర్ణించిరి. దానికి డయాస్టాటికసు అని పేరు. ఇది శుభ్రపరచని గొట్టములోనో, బిరడాలోనో దాగి కొంచెము చేరినను చాలును. హైడ్రోమీటరు మూడుదినములు కదలక నిలిచిన బీరుసైతము వారములు, నెలలు గడచిన పిదప సీసాలో మరల పులియ నారంభించును. ముగిసినదన్న మాట తొట్టిలో ఏ యే జీవులున్నవో వానినిబట్టి యుండును గాని గొట్టముమీది గీతనుబట్టి మాత్రమే కాదన్నమాట.

మా మిత్రుల యింటి పెద్దకు ఇవన్నియు తెలియవు. పెంకులు ఏరిన మరునాటినుండి అతడు మెట్లక్రింది తలుపు లోపలివైపున సుద్దముక్కతో తేదీలు వేసి అంకెలు వ్రాసికొనెడివాడట. మిత్రులు స్వదేశమునకు బయలుదేరు వారమున ఆ తలుపుమీద 1.012, 1.011, 1.011 అని యుండెను. భార్య సీసాలు కడిగి బోర్లించి యుంచినది. అతడు ఆమెను ఇంకొక్క దినము ఆగుమని చెప్పుచుండగా వీరు సెలవు తీసికొనిరి.